పొద్దుటి గుడ్డు, రాత్రి వంట

(విజయవాడలోని ఒక పాఠశాలలో, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాటలు మొదలుపెట్టే ముందు, గుడ్డు మిశ్రమం పోసిన ఈ గుంటల ట్రేని ఓవెన్‌లో పెట్టేస్తాను. మనం మాట్లాడుకుంటూ ఉండగానే ఇది తయారైపోతుంది. 160 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ ఆన్, ట్రే మధ్య అరలో. కింది అరలో ఒక వెడల్పాటి పళ్లెంలో వేడినీళ్లు పోసి ఉంచాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మీలో చాలామంది పిల్లలకి బస్సు ఏడుంపావుకల్లా వచ్చేస్తుంది. అంతకుముందే స్నానాలు, జడలు, యూనిఫాం, టిఫిన్, లంచ్ బాక్సు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లయితే ఆ గంట ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు. అంత టెన్షన్‌లో పొయ్యి దగ్గర నిలబడి ఇంకో కొత్త వంట చేయమని చెప్పడానికి నేను రాలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుడ్డుకి హడావుడి పడదు. హడావుడంతా పొద్దునే ఉంటుంది కాబట్టి గుడ్డు వంటని ముందురోజు రాత్రికి జరపండి. రాత్రి అన్నాలు తినే వేళకి ట్రే ఓవెన్‌లో పెడితే, గిన్నెలు సర్దుకునేలోపు అయిపోతుంది. పొద్దున వేడి చేసి ప్లేట్లో పెట్టడమే.

అసలు పొద్దున పూట గుడ్డు ఎందుకు? మన ఇళ్లలో టిఫిన్ అంటే ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ. ఇడ్లీని నేను తక్కువ చేయను. మినప్పప్పు, బియ్యం కలిసి పులిసిన తిండి, తేలిగ్గా అరుగుతుంది. కానీ మామూలు సైజు ఇడ్లీ ఒకదానిలో ప్రొటీన్ 2 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మూడు తింటే 6 గ్రాములు. పల్లీ చట్నీ ధారాళంగా వేసుకుంటే ఇంకో మూడు గ్రాములు కలుస్తాయి. పిల్లలు ఎంత చట్నీ వేసుకుంటారో, అందులో ఎంత ప్లేట్లోనే వదిలేస్తారో మీకు తెలుసు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరికి ఏ పోషకం ఎంత కావాలో మన దేశానికి లెక్క కట్టి చెప్పేది వాళ్లే. ఆ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరం. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 32 గ్రాముల దగ్గర. మూడు పూటలకీ సమంగా పంచితే పొద్దున పెద్దవాళ్లకి 16, పిల్లలకి 10 గ్రాములకు పైగా పడాలి. మధ్యాహ్నం పప్పు ఉంటుంది, రాత్రికి పెరుగో కూరో ఉంటుంది, ఆ రెండు పూటలా ఎలాగో గడిచిపోతుంది. వెలితి ఎప్పుడూ పొద్దున పూటే. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు, చాలా మంచి పని. పొద్దుటి సంగతి మాత్రం ఇంట్లో మనమే చూసుకోవాలి.

50 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ ఉంటుంది. అందులో మూడున్నర గ్రాములు తెల్లసొనలో, మిగతాది పచ్చసొనలో. పచ్చసొన తీసి పారేసే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. పిల్లల విషయంలో దయచేసి ఆ పని చేయకండి. విటమిన్ ఎ, విటమిన్ డి, మెదడుకి పనికొచ్చే కోలిన్, ఇవన్నీ ఉన్నది పచ్చసొనలోనే. కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎన్ని తినాలో వాళ్ల డాక్టర్ని అడగాలి. ఎదిగే పిల్లలకి మొత్తం గుడ్డు పెట్టండి.

పైగా గుడ్డు మనకి దూరపు సరుకు కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. తణుకు, అనపర్తి వైపు వెళ్తే రోడ్డు పక్కన కోళ్ల ఫారాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇంత దగ్గర్లో, ఇంత చవగ్గా, ఇంత మంచి ప్రొటీన్ ఇంకోటి లేదు.

"ఉడకబెట్టిన గుడ్డు చాలదా, ఇదంతా ఎందుకు?" అని అడుగుతారు. చాలు. మీ పిల్లలు ఉడకబెట్టిన గుడ్డు ఇష్టంగా తింటుంటే దాన్ని మించింది లేదు, ఇక్కడ నేను చెప్పేదేదీ మీకు అక్కర్లేదు. కానీ పచ్చసొన పొడిపొడిగా నోటికి అడ్డం పడుతోందని వదిలేసే పిల్లలు చాలామంది ఉన్నారు. ఆమ్లెట్ అయితే వేడిమీదే తినాలి, ఒక్కొక్కరికీ విడిగా వేయాలి, దగ్గరే నిలబడాలి. ట్రేలో బేక్ చేస్తే ఆరో పన్నెండో ఒకేసారి అవుతాయి. ఆకుకూర కూడా అందులోనే కడుపులోకి వెళ్తుంది. చేత్తో పట్టుకుని తినొచ్చు.

ఇక చేసే పద్ధతి. ఆరు గుంటల మఫిన్ ట్రేకి అయిదు గుడ్లు, మూడు పెద్ద చెంచాల పాలు, 60 గ్రాముల పనీర్ తురుము, వేయించి నీరు ఇగిర్చిన కూర అరకప్పు, చెంచాడు సెనగపిండి, ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర. మొత్తం లెక్క వేస్తే ఒక్కోదానిలో 7 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. రెండు తిని గ్లాసు పాలు తాగితే పెద్దవాళ్ల పొద్దుటి వాటా కూడా దాటిపోతుంది.

కొలతలు ఎవరైనా చెబుతారు. చెడగొట్టేవి రెండున్నాయి, ఒకటి నీళ్లు, రెండోది వేడి. వాటి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు నీళ్లు. పాలకూర, టమాటా, పుట్టగొడుగులు, సొరకాయ, ఉల్లిపాయ, వీటన్నిట్లో నీళ్లే ఎక్కువ. పచ్చివి తరిగి గుడ్డులో కలిపేస్తే, ఉప్పు తగిలి ఓవెన్‌లో వేడెక్కేసరికి ఆ నీళ్లన్నీ బయటికొస్తాయి. మీరు ట్రే తీసేసరికి అడుగున పచ్చటి నీళ్లు, పైన మెత్తబడిపోయిన గుడ్డు. అందుకే కూర ముందు మూకుడులో వేయించాలి. ఎంతసేపు అంటే నిమిషాల్లో చెప్పలేను, చెవితో వినమంటాను. పాలకూర వేయగానే చుర్రుమంటుంది. కాసేపటికి నీరు ఊరి బుడబుడమని ఉడుకుతున్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆగాలి. నీరు ఇగిరిపోయాక మళ్లీ చిటపటలు మొదలవుతాయి. గరిటెతో కూరని ఒక పక్కకి నెట్టి చూడండి, మూకుడు అడుగున తడి పారకూడదు. అప్పుడు దింపి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి కూర గుడ్డులో కలిపితే అక్కడికక్కడే గడ్డలు కడుతుంది.

గోంగూర వేయొచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వేయొచ్చు, కొంచెమే. పులుపు తగిలితే గుడ్డు త్వరగా గట్టిపడి విరిగినట్టవుతుంది. టమాటాదీ అదే దారి. బాగా మగ్గించి దగ్గరపడ్డ గోంగూర రెండు చెంచాలకి మించకుండా వేసుకుంటే రుచి అద్భుతంగా ఉంటుంది. నా ఓటు మాత్రం మునగాకుకి. అందులో నీరు తక్కువ, సన్నని ఆకు కాబట్టి తరగనక్కర్లేదు. కాస్త నూనెలో వేయించి వేస్తే చాలు. పిల్లలు దాన్ని కొత్తిమీర అనుకుని తినేస్తారు.

సెనగపిండి ఎందుకంటే, పిండి పదార్థం కొంచెం ఉంటే గుడ్డులోని ప్రొటీన్లు మరీ గట్టిగా బిగుసుకోకుండా అడ్డుపడుతుంది. నీరు విడవడం తగ్గుతుంది. కార్న్‌ఫ్లోర్ వేసినా అదే పని చేస్తుంది, కానీ సెనగపిండిలో ఎంతో కొంత ప్రొటీన్ ఉంది, మనకి అలవాటైన రుచీ ఉంది. దాన్ని పచ్చివాసన పోయేదాకా నూనె లేకుండా వేయించి, పాలల్లో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే గుడ్డులో పోయండి.

ఇప్పుడు వేడి. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 దాటాక. రెండూ గిలకొట్టి పాలు కలిపితే ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. అంటే నీళ్లు మరిగే వేడి కంటే చాలా తక్కువలోనే గుడ్డు ఉడుకుతుంది. మనమేమో ఓవెన్ 200 మీద పెడతాం. తొందరగా అయిపోవాలని. అప్పుడేమవుతుందంటే అంచులు ముందే గట్టిపడి, నడుమ ఉడికేలోపు బిగుసుకుపోతాయి. తడిబట్టని పిండినట్టు ప్రొటీన్లు తమలో ఉన్న నీటిని బయటికి పిండేస్తాయి. పట్టుకుంటే రబ్బరు. వాసన కూడా అప్పుడే వస్తుంది. గుడ్డు వాసన అని పిల్లలు ముక్కు మూసుకునేది చాలాసార్లు ఎక్కువ ఉడికిన గుడ్డు వాసనే. తెల్లసొనలోని గంధకం వేడికి విడిపడి ఆ వాసనొస్తుంది. ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది చూడండి, అది ఆ గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఏర్పడిన రంగు. తింటే ప్రమాదమేమీ లేదు, కానీ ఉడకడం శ్రుతి మించిందని దానర్థం.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పిల్లలు ఇలాంటి వాటినే ఎగ్ బైట్స్ అంటుంటారు. అక్కడ స్టార్‌బక్స్ అనే కాఫీ దుకాణాల సంస్థ 2017లో వాటిని అమ్మడం మొదలుపెట్టింది. అవి అంత మెత్తగా ఉండటానికి కారణం రహస్య మసాలా ఏదో కాదు. సరిగ్గా అదుపులో ఉంచిన తక్కువ వేడినీళ్లలో ఉడికించడం, దండిగా చీజ్ వేయడం. మన ఓవెన్‌లో అంత కచ్చితత్వం రాదు. కింది అరలో వేడినీళ్ల పళ్లెం పెట్టింది అందుకే. ఆవిరి ఉంటే పైభాగం ఎండి చర్మం కట్టదు.

గుడ్లు గిలకొట్టేటప్పుడు నురగ రానివ్వకండి. ఒక్కో గుడ్డుని ముందు చిన్న గిన్నెలో కొట్టి, బాగుందని చూసుకుని పెద్ద గిన్నెలో పోయండి. ఫోర్కుతో తెల్లసొన, పచ్చసొన కలిసేదాకా తిప్పితే చాలు. బీటర్ వద్దు. గాలి ఎక్కువైతే ఓవెన్‌లో పూరీలా పొంగి, బయటికి తీయగానే చప్పబడిపోతాయి. కొంత కుంగడం ఎలాగూ ఉంటుంది, దానికి కంగారు పడకండి. గుంటలు ముప్పావు వంతే నింపండి.

అంటుకుపోవడం అందరికీ ఎదురయ్యే బాధ. గుడ్డు ప్రొటీన్ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నెయ్యి గానీ నూనె గానీ వేలితో గుంట అడుగునా, పక్కలా, అంచు మీదా పూయండి. ఎక్కువమంది అంచు మర్చిపోతారు, అంటుకునేది అక్కడే. సిలికాన్ అచ్చులు దొరికితే కొనండి, ఆ డబ్బుకి విలువ ఉంది. కేకులకి వాడే మామూలు కాగితం కప్పులు మాత్రం వద్దు. గుడ్డు కాగితంతో సహా వస్తుంది.

ఇప్పుడు ట్రే తీస్తున్నాను, దగ్గరికి రండి. చూశారా, అంచులు నిలబడ్డాయి. ట్రేని ఇలా మెల్లగా కదిపితే నడిమధ్య రూపాయి బిళ్లంత మేర కొంచెం వణుకుతోంది. నీళ్లలా పారడం లేదు, వణుకుతోంది అంతే. తీయాల్సింది ఇప్పుడే. పూర్తిగా గట్టిపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే ట్రే వేడికి ఇది బయట కూడా ఉడుకుతూనే ఉంటుంది. అయిదు నిమిషాలాగి నడుమ చాకు గుచ్చితే పచ్చి సొన అంటకూడదు. అంటితే మళ్లీ ఓవెన్‌లో పెట్టండి. వంట థర్మామీటర్ ఉన్నవాళ్లు నడుమ 72 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోవచ్చు. పిల్లలకి, గర్భిణులకి, పెద్దవయసు వాళ్లకి పెట్టేటప్పుడు ఇది తప్పనిసరి. పచ్చి గుడ్డులో జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది, సరిగ్గా ఉడికితే అది చస్తుంది.

దాచుకోవడం గురించి శ్రద్ధగా వినండి. మన విజయవాడ ఎండలు మీకు తెలుసు. వండిన గుడ్డుని బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. ఎండాకాలంలో గంటే. ట్రేలోంచి తీసి, పళ్లెంలో విడివిడిగా పెట్టి చల్లారనిచ్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేడిగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి నీరై మీదే పడుతుంది, వాసన కూడా డబ్బాలోనే ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. ఆదివారం రాత్రి చేస్తే బుధవారం దాకా దిగుల్లేదు. ఫ్రీజర్‌లో పెట్టాలనుకుంటే టమాటా, పుట్టగొడుగులు లేకుండా చేసి, ఒక్కోదాన్నీ విడిగా చుట్టి పెట్టండి. ఒకటి రెండు నెలలు నిలవుంటాయి.

పొద్దున వేడి చేయడంలో మళ్లీ అదే సూత్రం, తక్కువ వేడి. మైక్రోవేవ్ అయితే సగం పవర్ మీద, తడి టిష్యూ కప్పి, అర నిమిషం చొప్పున చూసుకుంటూ. ఫుల్ పవర్ పెడితే రాత్రి పడ్డ శ్రమంతా రబ్బరవుతుంది. నాకు నచ్చిన పద్ధతి ఇడ్లీ పాత్ర. పిల్లలకి ఇడ్లీ పెట్టే రోజున పైరేకులో వీటిని కూడా చివరి అయిదు నిమిషాలు పెట్టేయండి. పొగలు కక్కుతూ వస్తాయి. లోపలిదాకా వేడెక్కాయో లేదో ఒకటి విరిచి చూసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. వీటిని మధ్యాహ్నం లంచ్ బాక్సులో పెట్టకండి. ఏడింటికి వేడి చేసి డబ్బాలో పెట్టింది పన్నెండున్నర దాకా బస్సులో, క్లాసులో ఆ వేడికి నిలవదు. ఇంట్లో తిని వెళ్లాలి, లేదా బస్సెక్కాక తినేయాలి. అందుకే నేను దీన్ని పొద్దుటి తిండి అంటున్నాను.

మీ ప్రశ్నలు అడగండి.

*మేడమ్, మా ఇంట్లో ఓవెన్ లేదండీ. కొనాలా?*

అక్కర్లేదమ్మా. గుంత పొంగనాల పెనం ఉంటుంది కదా. గుంటలకి నూనె రాసి, ఇదే మిశ్రమం పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు ఉంచి తిరగెయ్యండి. చిన్నపిల్లల చేతికి ఆ సైజు ఇంకా బాగుంటుంది. ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద కూడా పదినిమిషాల్లో అవుతాయి. మూతకి లోపలివైపు పలచని బట్ట కట్టండి, లేకపోతే మూతకి పట్టిన నీరు బొట్లుబొట్లుగా గుడ్డు మీద పడుతుంది. సెగ పెద్దది పెట్టొద్దు. ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్లు 150 మీద పన్నెండు నిమిషాల నుంచి చూసుకోండి, ఫ్యాన్ గాలికి పైన త్వరగా ఎర్రబడుతుంది.

*మా అత్తగారు శనివారం, కార్తీకమాసం అంతా గుడ్డు రానివ్వరు. ఆ రోజుల్లో ఏం పెట్టమంటారు?*

ఆవిడ మాట కాదనకండి. పెసరపప్పు మూడు గంటలు నానబెట్టి, నీళ్లు తక్కువ పోసి గట్టిగా రుబ్బి, అందులో పనీర్, అల్లం, పచ్చిమిర్చి, రెండు చెంచాల పెరుగు, చిటికెడు వంటసోడా కలిపి ఇదే అచ్చుల్లో పోయండి. దీనికి వేడి ఎక్కువ కావాలి, 180 మీద ఇరవై అయిదు నిమిషాలు. పెసరట్టు రుచికి దగ్గరగా ఉంటుంది, ప్రొటీన్‌కి లోటుండదు. అచ్చులు కలవకూడదనుకుంటే దీనికి విడిగా ఒక జత ఉంచుకోండి.

*మా బాబుకి గుడ్డు తింటే దద్దుర్లు వస్తాయండీ. బేక్ చేస్తే ఫరవాలేదని విన్నాను.*

వద్దండీ. బేక్ చేసిన గుడ్డు కొంతమంది పిల్లలకి పడుతుంది, ఆ మాట నిజమే. కానీ అది డాక్టర్ దగ్గర, వాళ్ల పర్యవేక్షణలో తేలాల్సిన సంగతి. ఇంట్లో పరీక్ష చేసి చూడకండి. ఇప్పుడు చెప్పిన పెసరపప్పువి చేసి పెట్టండి.

*ట్రే తోమలేక చస్తున్నాం మేడమ్. దానికేమైనా ఉందా?*

ఉంది. వేడినీళ్లు పోయకండి. అంటుకున్న గుడ్డు వేడికి ఇంకా గట్టిపడుతుంది. ఓవెన్‌లోంచి తీసిన ట్రే చల్లారాక చన్నీళ్లు పోసి, కాస్త సబ్బు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున స్పాంజితో తుడిస్తే పొరలుగా ఊడొస్తుంది. ఇనుప పీచు పెట్టి రుద్దితే నాన్‌స్టిక్ పూత పోతుంది, వచ్చేసారి ఇంకా ఎక్కువ అంటుకుంటుంది.